రాడార్ తెరపై నాలుగంకెలు

హజ్‌కు, ఉమ్రాకు, గల్ఫ్ ఉద్యోగాలకు మన కుటుంబాల నుంచి ఎవరో ఒకరు విమానమెక్కుతూనే ఉంటారు. ఆ విమానాలను నేల మీది నుంచి కనిపెట్టుకుని ఉండే రాడార్ గురించి మనం కొంత తెలుసుకుందాం.

ప్రైమరీ రాడార్ పంపిన రేడియో తరంగాలు విమానానికి తగిలి తిరిగి వస్తే తెరపై చుక్క పడుతుంది. దూరం, దిక్కు తెలుస్తాయి. అది ఏ విమానమో, ఎంత ఎత్తులో ఉందో తెలియదు. సెకండరీ రాడార్ విమానాన్ని ప్రశ్నిస్తుంది. విమానంలోని ట్రాన్స్‌పాండర్ తనకు కేటాయించిన నాలుగంకెల కోడ్‌నూ, ఎత్తునూ జవాబుగా పంపుతుంది. దాన్నిబట్టి విమానాన్ని గుర్తించి, ఎటు తిరగాలో, ఎంత ఎత్తులో ఉండాలో కంట్రోలర్ రేడియోలో చెబుతారు.

1996 నవంబర్ 12న ఢిల్లీలో ప్రైమరీ రాడారే వాడుకలో ఉంది. 15,000 అడుగుల ఎత్తులో ఉండాల్సిన కజకిస్తాన్ విమానం ఇంకా కిందికి దిగిపోయింది. ఆ సంగతి కంట్రోలర్ తెర చూపలేకపోయింది. చర్ఖీ దాద్రీ వద్ద అది సౌదీ విమానాన్ని ఢీకొని 349 మంది చనిపోయారు. వారిలో పొట్టకూటి కోసం సౌదీ వెళ్తున్నవారు ఎందరో. తర్వాత ఢిల్లీలో సెకండరీ రాడార్ వాడుకలోకి వచ్చింది.

ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ, ఇంజినీరింగ్ గానీ చదివినవారు కంట్రోలర్ ఉద్యోగానికి పోటీపడవచ్చు. దాతల సాయంతో చదువుకునే మన పిల్లలకు ఈ దారి కూడా చూపిద్దాం.