కూలి చేతులదీ కానుకే

డోర్నకల్: పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న ముంతలో వేయడం ఈ ప్రాంతపు క్రైస్తవ ఇళ్లలో పాత అలవాటు. ఆదివారం నాడు ఆ బియ్యం గుడికి చేరేది. అమ్మగా వచ్చిన సొమ్ము సంఘం ఖర్చులకు పోయేది. చూడటానికి చిన్న సంగతే. కాని దాని వెనుక పెద్ద వాదం ఉంది.

డోర్నకల్ మొదటి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో జన్మించారు. తెలుగు నేర్చుకుని ఇక్కడే స్థిరపడ్డారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడుగా పేరుపొందారు. ఆయన సంఘస్థులలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. కూలి గింజల్లో ముట్టే రోజులవి. రూపాయి ముఖం చూడటమే అరుదు. అలాంటివారిని కానుక అడగడం న్యాయమేనా? ఎవరికైనా తోచే ప్రశ్నే ఇది. పేదవాడు ఎల్లకాలం పుచ్చుకునేవాడుగానే ఉండిపోకూడదని, దేవునికి కృతజ్ఞత చెల్లించుకునే భాగ్యం అతనికీ ఉండాలని అజరయ్య పట్టుబట్టారు. క్రైస్తవులు కానుక ఇవ్వడాన్ని గురించి పుస్తకమే రాశారు. అడిగింది పిడికెడే కాబట్టి సరిపోయింది గాని, గంపెడు అడిగి ఉంటే ఈ వాదం నిలిచేది కాదు.

ఇక చేతివిద్య సంగతి. ‘దేవుడిచ్చిన తలాంతు’ అని క్రైస్తవులు తరచు అంటుంటారు. పాట, చదువు, పనితనం ఏదైనా తలాంతే. అసలు తలాంతు అంటే వెండి తూకం. కూలివాడు 20 ఏళ్లపాటు కష్టపడితే గాని రాని సొమ్ము. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యజమాని ఊరు వెళుతూ ఒక దాసునికి ఐదు తలాంతులు, మరొకనికి రెండు, ఇంకొకనికి ఒకటి అప్పగిస్తాడు. ఒకటి పుచ్చుకున్నవాడు భయపడి భూమిలో పాతిపెడతాడు. యజమాని మండిపడింది తక్కువ తెచ్చాడని కాదు, పాతిపెట్టాడని. రెండు తెచ్చినవాడికీ, ఐదు తెచ్చినవాడికీ ఒకే మెప్పు దక్కింది.

బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌధరి తనకున్న కవిత్వాన్నే సమర్పించారు. రాగతాళాలతో ఆయన కట్టిన తెలుగు కీర్తనలు నేటికీ గుడుల్లో వినబడుతున్నాయి. చదువురానివారికి సైతం అవి నోటికి వస్తాయి. కంజీర వాయించేవాడు, తాళం వేసేవాడు, గొంతెత్తి అందుకునే ముసలమ్మ లేకపోతే ఆ కీర్తన పుస్తకంలోనే ఉండిపోయేది.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసుకు బంగారం, సాంబ్రాణి, బోళం అర్పించిన దానిని తలచుకునే రోజది. సీమ గుడులకు నకలు కాదు ఈ కట్టడం. రాతి స్తంభాలు మన దేవాలయ మండపాన్ని, గుమ్మటాలు మసీదును తలపిస్తాయి. ఈ నేల మీద ఉన్న శిల్పమే దేవునికి కానుక కావాలన్న ఆలోచన అందులో కనబడుతుంది. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన సమాధి డోర్నకల్‌లోనే ఉంది.

పల్లెల్లో కోతల పండుగనాడు ఈ కానుకల వైనం చూడాలి. వరి కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, చిక్కుళ్లు గుడి ముందు కుప్పపడతాయి. పొలం లేనివారు అల్లిన చాప, కుట్టిన బట్ట తెస్తారు. అదీ లేనివారు ముందుగానే వచ్చి గోడలకు సున్నం వేస్తారు, పందిరి కడతారు. డబ్బు ఇచ్చినవారి పేర్లు మైకులో చదివేటప్పుడు సున్నం వేసినవాడి పేరు సాధారణంగా ఉండదు. ఈ లోటు సరిదిద్దుకోవడం పెద్ద కష్టం కాదు.

ఆ తర్వాత వేలం. పేదరాలు తెచ్చిన కోడిగుడ్డును ఒకరు అసలు ధరకు ఎన్నో రెట్లు పెట్టి పాడుకుంటారు. పాడుకున్నవారు ఇంటికి పట్టుకుపోరు. తిరిగి బల్ల మీద పెడతారు. వేలం మళ్లీ మొదలవుతుంది.