గని పతకాలు: మెరుపు చూసి మోసపోకండి

జర్మనీలోని హార్జ్, ఫ్రైబెర్గ్, మాన్స్‌ఫెల్డ్ గనుల పేరిట శతాబ్దాలుగా వెండి నాణేలు, పతకాలు వెలువడ్డాయి. వాటిని ఇష్టంగా సేకరించేవారు కూడా కొన్ని అపోహల వల్ల మంచి నాణేలను, పతకాలను చేజేతులా పాడుచేసుకుంటున్నారు.

అపోహ: గని బొమ్మ ఉన్నదల్లా పతకమే.
వాస్తవం: నాణేలూ ఉన్నాయి. బ్రన్స్‌విక్ డ్యూక్ జూలియస్ 1574లో ‘లోజర్’ అనే పెద్ద వెండి నాణేలు మొదలుపెట్టి, ప్రజలు తమ స్తోమతను బట్టి కొని దాచుకోవాలని ఆదేశించాడు. 1660ల నాటి కొన్ని లోజర్లపై మబ్బుల్లోంచి చాచిన చెయ్యి, దూకుతున్న గుర్రం తలపై దండ పెడుతుంటుంది. కింద గని దృశ్యం పరుచుకుని ఉంటుంది. నాణేన్ని విలువ కట్టి ముద్రిస్తారు. పతకం జ్ఞాపకార్థమే.

అపోహ: ఏ గని బొమ్మ ఉంటే ఆ గని వెండే.
వాస్తవం: ప్రష్యా ముద్రించిన మాన్స్‌ఫెల్డ్ ‘టాలర్’ వెండి నాణేల విషయంలో ఇది నిజం. అక్కడి రాగి ఖనిజం నుంచే వెండి తీసేవారు. కానీ బొగ్గు గనుల పేరిటా వెండి పతకాలున్నాయి. ఆ వెండి బయటి నుంచి తెచ్చినదే.

అపోహ: తోమి మెరిపిస్తే ధర పెరుగుతుంది.
వాస్తవం: తగ్గుతుంది. పాత వెండిపై కనిపించే నలుపు గాలిలోని గంధక సమ్మేళనాలతో ఏర్పడిన వెండి సల్ఫైడ్ పొర. దాన్ని పొడి వేసి రుద్దితే పతకం మీది గని కార్మికుడి ముఖంలోని సన్నని గీతలూ అరిగిపోతాయి. మెత్తని పీవీసీ కవర్లూ వద్దు, పచ్చని జిగురు పడుతుంది.

అపోహ: అయస్కాంతానికి అంటుకోకపోతే అసలు వెండే.
వాస్తవం: రాగి, ఇత్తడి కూడా అంటుకోవు. నీటిలో తూకమే నమ్మదగినది. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు సరిచేయండి. పతకాన్ని దారంతో కట్టి, అడుగు తగలకుండా పూర్తిగా ముంచండి. 26 గ్రాముల స్వచ్ఛమైన వెండి అయితే త్రాసు సుమారు 2.5 గ్రాములు చూపిస్తుంది. రాగి అయితే 2.9.

కొనేముందు బరువు, వ్యాసం, అంచు ఫొటో అడగండి. చెప్పనివారి దగ్గర ఎంత చవకైనా కొనకండి. ఈ పతకాలు భూగర్భంలో చెమటోడ్చినవారి చరిత్రకు సాక్ష్యాలు. వాటిని అరగదీయకుండా తర్వాతి తరానికి అందించడం సేకరించేవారి బాధ్యత.