పెరటి పూలపొదలు - కొమ్మనాటు విధానము

విత్తనమునుండి పుట్టిన మొక్క తల్లిచెట్టునకు సంతానము. కొమ్మనుండి పెరిగిన మొక్క ఆ తల్లిచెట్టే. ముద్దనందివర్ధనము, ముద్దమందారము, మల్లె మన పెరళ్లలో గింజకట్టుట అరుదు. కావున పాత యిల్లు చేతులు మారినను, పూర్వులు నాటిన పొదను నిలుపుకొనుటకు సులభమార్గము కొమ్మయే. చెట్టు పచ్చగా నున్నప్పుడే యీ పని జరుగవలెను. ఎండిన కొమ్మకు వేరు పుట్టదు.

మిక్కిలి లేతకొమ్మ కుళ్లిపోవును. బాగుగా ముదిరినది వేరుతొడుగుట కాలసించును. పెన్సిలు లావు గల కొమ్మను ఉదయముననే 15 - 20 సెంటీమీటర్ల పొడవున, మూడు నాలుగు కణుపులుండునట్లు కోయవలెను. క్రిందికోత కణుపునకు దిగువగా ఏటవాలుగను, పైకోత అడ్డముగను ఉన్నచో తలక్రిందులుగా నాటు పొరపాటు జరుగదు. మొదలు, తల అను భేదమును కొమ్మ మరువదు. చిగురున పుట్టు ఆక్సిన్ అను పదార్థము క్రిందికి దిగి కోతవద్ద చేరును. వేళ్లు అచ్చటనే పుట్టును. కృత్రిమముగా చేసిన ఆక్సిన్ సైతము వేళ్లను పుట్టించునని 1935లో రుజువైనది. నేడు అంగళ్లలో దొరకు వేరుపొడులలో తరచుగా నుండునది ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లము. మల్లెకు, మందారమునకు అది లేకున్నను పని సాగును.

వేరులేని కొమ్మ నీటిని తగినంత పీల్చలేదు. ఆకులు మాత్రము నీటిని విడుచుచునే యుండును. పెక్కు కొమ్మలు చచ్చుటకు కారణమిదియే. అందుచే క్రిందియాకులను తీసి, పైరెండాకులను సగమునకు కత్తిరింపవలెను. నందివర్ధనపు కోతనుండి కారు పాలను కడిగి, కొంత ఆరనిచ్చి నాటవలెను. ఆ పాలు కంట పడరాదు. ఇసుకను, మన్నును సమముగా కలిపి, అడుగున రంధ్రమున్న కుండీలో నింపి, రెండు కణుపులు మునుగునట్లు గ్రుచ్చి అదుమవలెను. నీడనుంచి, తడి యారనీయక, నీరు నిలువనీయక కాపాడవలెను.

కాలమునందు ప్రాంతభేదము కలదు. యానాము, ఒడిశా, కర్ణాటక, మహారాష్ట్రలలోని తెలుగువారికి నైరుతి వానలు పడు జూన్, జూలై మాసములు అనుకూలములు. తమిళనాటి తూర్పుజిల్లాలలో ముఖ్యవర్షము అక్టోబరు మొదలు ఈశాన్యమునుండి వచ్చును. అచ్చటివారు అప్పుడు నాటుట మేలు. రామేశ్వరము చేరువనున్న తంగచ్చిమడములో మల్లెకొమ్మలను ఇసుకనేలలో వేరుపట్టించి అమ్ముట పలువురకు జీవనోపాధి.

చిగురు కనబడగానే వేరు పుట్టినదని తలచి మోసపోరాదు. కొమ్మలో నిలువయున్న ఆహారముతోనే తొలిచిగురు రావచ్చును. వేరు రానిచో అది వాడిపోవును. పెరికి చూచినచో పుట్టుచున్న వేళ్లు తెగును. ఐదారు వారముల పిదప మెల్లగా లాగినప్పుడు కొమ్మ కదలకున్న, వేరు పట్టినట్లే. ఒక్క కొమ్మతో తృప్తిపడక ఐదారు నాటి, నిలిచినవానిలో నొకటి బంధువుల యింట నుంచినచో, ఒక పెరడు పోయినను పొద పోదు.