ఇడ్లీబండి దగ్గర బ్రేక్-ఈవెన్

మా బీకాం రెండో ఏడాది పిల్లలు ఇద్దరు ఇడ్లీబండి పక్కన నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. పాఠం బ్రేక్-ఈవెన్. ఎన్ని ప్లేట్లు అమ్మితే పెట్టిన ఖర్చు తిరిగొచ్చి, ఆపైన లాభం మొదలవుతుందో లెక్కగట్టడం. "బండి అద్దె, పనివాడి కూలీ కలిపి రోజుకు 900. ప్లేటు 40 రూపాయలు. 900ని 40తో భాగిస్తే 22న్నర. అంటే 23 ప్లేట్లు అమ్మితే చాలు, లాభంలో పడ్డట్టే" అని అమ్మాయి ధీమాగా చెప్పుకుపోతోంది. చట్నీ వేస్తున్న బండామె తలెత్తి చూసింది.

"ఇరవై మూడు ప్లేట్లకే గిట్టుబాటైతే ఏడింటికే బండి కట్టేసేదాన్ని కదమ్మా! పప్పుకు, నూనెకు, గ్యాసుకు ఎవరిస్తారు?"

అమ్మాయి నీళ్లు నమిలింది. వీడియో ఆగిపోయింది.

ఇదే అమ్మాయి ముందురోజు స్లిప్ టెస్టులో సూత్రం తప్పు లేకుండా రాసింది: స్థిర వ్యయాన్ని యూనిట్ కంట్రిబ్యూషన్‌తో భాగించాలి. ఆ కంట్రిబ్యూషన్ అంటే ఏమిటో మాత్రం బండి దగ్గరే తెలిసింది. ప్లేటుకు సరుకుల ఖర్చు 22 పోతే మిగిలేది 18. అద్దెనూ కూలీనీ మోయాల్సింది ఆ 18 రూపాయలే. 900ని 18తో భాగిస్తే 50 ప్లేట్లు. రెండోసారి తీసిన వీడియోలో ఒక్కో ప్లేటు పక్కన 18 రూపాయల చిల్లర పేర్చి మరీ చూపించింది.

తెలుసనుకోవడం వేరు, తెలియడం వేరు. ఈ తేడాను యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కైల్ 2002లో కొలిచి చూపారు. జిప్పు, కుట్టుమిషన్, తాళం ఎలా పనిచేస్తాయో మీకెంత తెలుసో మార్కులు వేసుకోండి అన్నారు. జనం బాగానే వేసుకున్నారు. ఇప్పుడు అంచెలంచెలుగా రాసి వివరించండి అనగానే తడబడ్డారు. మళ్లీ మార్కులు వేసుకోమంటే తామే తగ్గించుకున్నారు. వివరించబోతే తప్ప మన లోటు మనకే కనబడదు.

వివరించడం లోటును చూపడంతో ఆగదు, చదివిందాన్ని నిలబెడుతుంది కూడా. లోగన్ ఫియొరెల్లా, రిచర్డ్ మేయర్ 2013లో విద్యార్థుల చేత డాప్లర్ ప్రభావం పాఠం చదివించారు. తర్వాత ఇంకొకరికి చెప్పాలన్న ఉద్దేశంతో చదివినవాళ్లకు అప్పటికప్పుడు పెట్టిన పరీక్షలో మేలు కనబడింది. వారం తర్వాత మాత్రం సిద్ధపడి, కెమెరా ముందు నిజంగా పాఠం చెప్పినవాళ్లే మెరుగ్గా నిలిచారు. నెదర్లాండ్స్‌లో విన్సెంట్ హోగర్‌హైడ్ బృందం 2016లో ఇంకో మెలిక తేల్చింది: ఊహించుకున్న శ్రోతకు వీడియోలో వివరించినవాళ్లు లాభపడ్డారు, అదే శ్రోతకు రాసి వివరించినవాళ్లకు ఆ లాభం దక్కలేదు. ఎదుట ఎవరో వింటున్నారన్న స్పృహ మాటలో ఎక్కువగా ఉంటుందని వారు భావించారు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది సింగపూర్ ప్రయోగం. 2018లో అక్కడి పరిశోధకులు కొందరి చేత కాగితం చూసి పాఠం చెప్పించారు, మరికొందరి చేత చూడకుండా చెప్పించారు. వారం తర్వాతి పరీక్షలో చూడకుండా చెప్పినవాళ్లదే పైచేయి. జ్ఞాపకంలోంచి తవ్వి తీసే ఆ శ్రమే చదువును గట్టిపరుస్తుందన్నమాట.

అందుకే వీడియో ప్రాజెక్టుల్లో సంగీతానికీ, ఎగిరిపడే అక్షరాలకూ మార్కులు వేయడం చూస్తే బాధేస్తుంది. రాత్రంతా ఎడిటింగ్‌కు కూర్చున్న పిల్లవాడు తెర వెనుక పెట్టుకున్న కాగితం చదివేసి ఫస్ట్ మార్కు కొట్టేస్తాడు. కంట్రిబ్యూషన్ అంటే వాడికి అప్పటికీ ఒక పదమే. నేను నా క్లాసులో కాగితం మాన్పించాను. వీడియో నాలుగు నిమిషాలు దాటకూడదు. వినే మనిషి ఎదురుగా ఉండాలి, ఆ మనిషి కామర్స్ చదివి ఉండకూడదు. తప్పు దొర్లిన మొదటి వీడియో చెరపకుండా, సరిచేసిన దానితోపాటే ఇవ్వాలి. మార్కులు రెంటికీ మధ్య జరిగిన మార్పుకే.

ఇడ్లీబండి రెండో వీడియో చివర బండామె మళ్లీ అడిగింది. "ప్లేటు 45 చేస్తేనో?" అమ్మాయి వేళ్ల మీదే లెక్కేసింది. 45లో 22 పోతే 23. "నలభై ప్లేట్లు చాలత్తా!"

"అయిదు పెంచితే ఆ నలభైమందీ వస్తారా మరి?"

అది డిమాండ్ వ్యాకోచత్వం, వచ్చే యూనిట్‌లో పాఠం. ఇద్దరూ మళ్లీ బండి దగ్గరికే వెళ్తామంటున్నారు.