చూడవద్దన్న చీకటి

బొమ్మలు లేని కంప్యూటర్ ఆటలు కొన్ని వున్నవి. తెరమీద రెండు వాక్యాలు కనిపిస్తాయి: ‘మీరొక గుహ ముందున్నారు. లోపల చీకటి.’ తరువాత ఏం చేస్తారో మీరే మాటల్లో చెప్పాలి. దాన్ని బట్టి కథ నడుస్తుంది. గుహల్లో తిరగడం సరదాగా గల విల్ క్రౌథర్ అనే అమెరికా ఆయన, 1970ల నడుమ తన కూతుళ్ల కోసం ఇటువంటి ఆట రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు.

వేసవి సెలవుల్లో మా ఎర్రగడ్డ ఇంట్లో మనవరాలూ నేనూ కలిసి తెలుగులో అటువంటిదే ఒకటి అల్లాం. అందుకు క్రిస్ క్లిమాస్ 2009లో తెచ్చిన ‘ట్వైన్’ ఉచితంగానే దొరుకుతుంది. అందులో ఆడేవాళ్లు టైపు చేయనక్కరలేదు; రంగు మాటను తాకితే తరువాతి పుట వస్తుంది. కొత్తవాళ్లకు అదే తేలిక.

కథ జపానుది, 712లో పూర్తయిన ‘కొజికి’ గ్రంథంలో వున్నది. అగ్నిదేవుణ్ణి కంటూ ఒళ్లు కాలి ఇజనామి చనిపోతుంది. భర్త ఇజనాగి ఆమె కోసం యోమి అనే చీకటి లోకానికి వెళతాడు. ఆమె అప్పటికే అక్కడి తిండి తినేసింది. అయినా, లోపలి దేవతలను అడిగి వస్తాననీ, అంతవరకు తనను చూడవద్దనీ అంటుంది. అతను ఆగలేక దువ్వెన పన్ను ఒకటి విరిచి వెలిగిస్తాడు. కనిపించింది పురుగులు పట్టిన దేహం.

మన సినిమావాళ్లు 1977 నాటి ‘యమగోల’లో, 2007 నాటి ‘యమదొంగ’లో యమలోకాన్ని కన్నులపండువుగా చూపించారు. చూడవద్దన్న కథకు మాత్రం బొమ్మలు లేని ఆటే తగినదని నాకు తోచింది.

ఆ చీకటి పుటలో రెండే మాటలు పెట్టాం: ‘ఆగు’, ‘వెలిగించు’. మనవరాలు ‘ఆగు’నే తాకుతూ కూర్చున్నది. నిరుడు వాళ్ల తాతగారు పోయారు.

“ఎన్నిసార్లు ఆగితే వస్తుంది అమ్మమ్మా? సావిత్రి వాళ్లాయన్ని తెచ్చుకుందిగా?”

సావిత్రి మాటల నేర్పుతో యముణ్ణి మెప్పించింది. ఈ కథలో ఆ దారి లేదు. మార్చడం ఒక్క నిమిషం పనే, నేను మార్చలేదు. ‘ఆగు’ తాకినప్పుడల్లా ఇజనామిని గురించి ఒక జ్ఞాపకం వచ్చేటట్లు రాశాం. అవి పిల్లే చెప్పింది. వాటిలో సగం వాళ్ల తాతగారివని నాకు తెలుసు.

వెలిగించినవాళ్లు పరుగెత్తాలి. తలకు చుట్టిన తీగ విసిరితే ద్రాక్షపండ్లు, దువ్వెన విసిరితే వెదురు మొలకలు పుడతాయి. తరుముకొచ్చేవాళ్లు వాటిని తింటూ వెనకబడతారు. ఆఖరికి మూడు పీచ్ పండ్లు విసరాలి. వస్తువులు మూడే గనుక ఎనిమిదేళ్ల పిల్ల కూడా దారి తప్పదు.

చివర రెండు లోకాల నడుమ పెద్ద బండ. అవతలి నుంచి ఆమె రోజుకు 1000 మందిని చంపుతానంటుంది. ఇవతలి నుంచి అతను రోజుకు 1500 మంది పుట్టేటట్లు చూస్తానంటాడు.

“అయితే రోజుకు 500 మంది మిగులుతారు” అని పిల్ల లెక్కకట్టి, ఆ వాక్యాన్ని చివరి పుటలో తనే తెలుగులో కొట్టింది. రెండు అక్షరాలు మాత్రం నన్నడిగింది.