గోగుపూవులోని పసుపు

భీమునిపట్టణపు రేవునుండి ఓడలకెక్కిన గోగునారకు సీమవర్తకులు బీమ్లీ జూటు అని పేరిడిరి. నార తీయుటయు, ఆకు వండుటయు మనకు దెలియును. తెల్లవారకమున్నె విచ్చి, మధ్యాహ్నమునకు ముడుచుకొనిపోవు నా లేతపసుపు పూవును మాత్రము మనము లెక్కపెట్టలేదు. లెక్కపెట్టినవారు మన వాల్తేరులోనే యుండిరి.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తున టి. ఆర్. శేషాద్రిగారు 1930 దశకమునుండి 1949లో ఢిల్లీ వెళ్ళువఱకు రసాయనశాస్త్రశాఖను నడపిరి. వారును, నీలకంఠముగారు మొదలగు సహచరులును ముందు ప్రత్తిపూవులను, పిమ్మట గోగుపూవులను, గోంగూర పూవులను ఎండబెట్టి సారము దీసి, అందలి పసుపు రంగులను వేఱుచేసిరి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపై బాంబులు పడెను; విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోయెను. అట్టి దినములలోను ఈ పని నిలిచిపోలేదు.

మొక్క ఈ రంగు నెట్లు చేయును? ఎండసాయమున ఆకు చక్కెర చేయును. దానినుండి ఫినైల్ అలనిన్ అను పదార్థము పుట్టును. దానిలోని నత్రజని భాగము తొలగగా దాల్చినచెక్క వాసనకు చుట్టమైన యొక ఆమ్లము మిగులును. దానికి రెండేసి కర్బన పరమాణువుల తునుకలు మూడు చేరి, ఉంగరముగా చుట్టుకొని, ఫ్లావనాయిడను పదార్థమగును. ఈ వివరములలో పెక్కు తరువాతివారు తేల్చినవి. శేషాద్రిగారి ఊహ వేఱు: మొక్క ప్రతి రంగును మొదటినుండి కట్టదు, మూలరూపమును ముందు కట్టి, పిదప మార్చును. సాలెవాడు ఒకే బట్ట నేసి పలురంగు లద్దినట్లు. ఉల్లిపొరలోని క్వెర్సెటిన్‌కు ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జంట యొక్కటి యదనముగా చేరిన, ప్రత్తిపూవులోని గాసిపెటిన్ అగును. అట్టి చేర్పును వారు గాజుపాత్రలోనే చేసి చూపిరి.

మొక్క యీ శ్రమ పడునది మనకొఱకు కాదు. తీక్ష్ణమైన యెండనుండి కాచుకొనుటకును, తుమ్మెదలను పిలుచుటకును. 1936లో సెంట్-జార్జిగారు ఈ జాతి పదార్థములను విటమిన్ పి అనిరి. పిమ్మట ఆ పేరు జాబితానుండి తొలగెను. ఇవి గాజుపాత్రలో చూపు గుణము కడుపులో అంతగా చూపవు. కొద్దిగా మాత్రమే రక్తమున చేరి, త్వరలో మాఱిపోవును.

ఇది యెందుకు వ్రాయుచున్నాననగా, నిరుడు మా ప్రాంతమునకు పూవులపొడి యమ్మువాడొకడు వచ్చెను. చక్కెరవ్యాధి కుదురునని యతడు చెప్పగా, మన సభ్యుడొకడు మాత్రలు మాని ఆ పొడి మ్రింగెను. నెల తిరుగకమున్నె అతనిని బండిపై ఆసుపత్రికి చేర్చవలసివచ్చెను. బ్రదికినాడు, పాదమునకు పుండు మిగిలినది. పప్పులో గోంగూర వేసికొనుడు, పచ్చడి నూఱుకొనుడు; డాక్టరు మాత్రలు మానవలదు.

పూవులు కొనెదమని యెవరైన వచ్చిన, నారచేనిలో సగము మొక్కలు పూచినప్పుడే కోత గనుక, కోత దినమున ఆ పూవులు తీసి యిచ్చిన నష్టము లేదు. సొమ్ము ముందుగా పుచ్చుకొనుడు. విత్తనమునకు విడిచిన వరుసలను మాత్రము ముట్టనీయకుడు.