అమ్మ కాలెండరూ, మా కిటికీలో ఆకాశమూ

లండన్ వచ్చిన మొదటి డిసెంబరు. వీడియో కాల్‌లో అమ్మ అడిగింది, "అప్పుడే లైట్లేశావేంటే?"

"చీకటి పడిపోయిందమ్మా."

"నాలుగింటికా?"

రాజమండ్రిలో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. అమ్మ నమ్మలేదు. కిటికీ దగ్గరికెళ్లి ఫోన్ బయటికి తిప్పి చూపించాను. "అయ్యో, ఎలా ఉంటున్నారే తల్లీ" అంది. ఎలా ఉంటున్నానో నాకూ తెలిసేది కాదు. పొద్దున్నే లేవబుద్ధయ్యేది కాదు. కాళ్లు పీకేవి. మెట్లెక్కితే ఆయాసం. ఇంట్లో ఉండి ఉండి బద్ధకం పెరిగిందని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఇంకో చలికాలం కూడా అలాగే గడిచాక డాక్టరు రక్తపరీక్ష రాశారు. విటమిన్ డి బాగా తక్కువ ఉందని తేలింది.

ఎండలో పుట్టి పెరిగినదాన్ని, నాకు ఎండ తక్కువవడమేమిటి? ఆ కోపంతోనే ఎప్పుడో స్కూల్లో చదివి వదిలేసిన భూగోళం పాఠాన్ని మళ్లీ తిరగేశాను.

సూర్యుడికి దగ్గరైతే వేసవి, దూరమైతే చలికాలం అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. నిజానికి భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, అంటే మనం ఇక్కడ గడ్డకట్టుకుపోయే రోజుల్లో. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులైలో 15.2 కోట్లు. కాబట్టి దూరం కాదు, ఒరుగుడు అసలు సంగతి. భూమి నిటారుగా కాకుండా 23.4 డిగ్రీలు పక్కకి ఒరిగి తిరుగుతోంది. డిసెంబరులో ఉత్తరపు సగం సూర్యుడికి ఎడంగా ఒరిగి ఉంటుంది, జూన్‌లో అతని వైపుకి.

మా అమ్మాయికి ఇది అట్లపెనం మీద చెప్పాను. ఒక గరిటె పిండి పోసి కదపకుండా వదిలేస్తే మందంగా చిన్నగా ఉంటుంది. అదే గరిటెడు పెనమంతా తిప్పితే పేపర్ దోసె. పిండి అంతే, పలచబడిందంతే. డిసెంబరు 21 మధ్యాహ్నం రాజమండ్రిలో సూర్యుడు ఆకాశంలో సుమారు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. లండన్‌లో 15 డిగ్రీలే. అంత ఏటవాలుగా వచ్చే ఎండ, నెత్తి మీద నిలబడి కాసే ఎండతో పోలిస్తే దాదాపు నాలుగు రెట్ల నేల మీద పరుచుకుంటుంది. పైగా పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. జూన్‌లో పదహారున్నర గంటలు దాటుతుంది. రాజమండ్రిలో ఏడాది మొత్తం మీద పగటి పొడవులో తేడా రెండు గంటలే, అందుకే అమ్మకి నమ్మకం కుదరలేదు.

ఇక విటమిన్ సంగతి. చర్మంలో విటమిన్ డి తయారు కావాలంటే ఎండలోని యువీ-బి కిరణాలు తగలాలి. సూర్యుడు అంత కిందుగా ఉన్నప్పుడు ఎండ చాలా మందమైన గాలిపొర దాటి రావాలి, దారిలోనే ఓజోన్ ఆ కిరణాలను దాదాపుగా మింగేస్తుంది. బ్రిటన్‌లో అక్టోబరు నుంచి మార్చి మొదటి రోజుల దాకా ఎండలో నిలబడ్డా సరిపడా తయారు కాదు. కిటికీ పక్కన కూర్చుంటే అసలే లాభం లేదు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. మన చామనఛాయ చర్మానికి అదే విటమిన్ తయారు కావడానికి ఇంకాస్త ఎక్కువ ఎండ కావాలి. అందుకే ఇక్కడి ఆరోగ్యశాఖ చలికాలంలో అందరినీ రోజుకి 10 మైక్రోగ్రాముల మాత్ర గురించి ఆలోచించమంటుంది, మనలాంటి దక్షిణాసియా వాళ్లనైతే ఏడాది పొడవునా. ఎవరికెంత కావాలో మీ డాక్టర్నే అడగండి. "ఎండలోకెళ్లకే, నల్లబడతావు" అని మనల్ని పెంచారు కదా, ఇక్కడ వేసవిలో కూడా గొడుగు వెతుక్కునే అలవాటు నాకింకా పోలేదు.

చంద్రుడు కూడా నన్నిలాగే ఏమార్చాడు. మొదటి అట్లతద్దికి రోజంతా ఉపవాసం ఉండి, గౌరీపూజ చేసి, పదకొండు అట్లు పోసి, అమ్మ కాలెండర్‌లో ఉన్న చంద్రోదయం టైముకి బాల్కనీలోకి వెళ్లాను. చూస్తే ఎదురింటి కప్పు మీదికి ఎప్పుడో వచ్చేసి ఉన్నాడు! అనవసరంగా అరగంట ఆకలితో కూర్చున్నాను.

చంద్రుడు రోజుకి సుమారు 13 డిగ్రీలు తూర్పుకి జరుగుతాడు. అందుకే రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. అయితే సెప్టెంబరు, అక్టోబరు పౌర్ణముల చుట్టుపక్కల లండన్ లాంటి ఉత్తరపు ఊళ్లలో అతని దారి తూర్పు అంచుకి ఆనుకుని పడుకున్నట్టుంటుంది. పక్కకి జరిగినా కిందికి పెద్దగా దిగడు, దాంతో ఆలస్యం అరగంటకో, ఇంకా తక్కువకో తగ్గిపోతుంది. వరసగా కొన్ని సాయంత్రాలు పొద్దుగూకగానే వెన్నెల వచ్చేస్తుంది. ఆ వెలుగులో కోతలు కోసుకునేవాళ్లు కాబట్టే ఇక్కడి రైతులు దాన్ని హార్వెస్ట్ మూన్ అన్నారు. బహుళ తదియ చంద్రుడు మనవాళ్లకి కాస్త కాచుకోబెట్టి వస్తాడు, ఇక్కడ తొందరగా కనికరిస్తాడు.

అమెరికా స్నేహితురాళ్లకి ఇంకో తంటా. ఏ రోజు చెయ్యాలి? చంద్రుడికీ సూర్యుడికీ మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అది మొదలయ్యే క్షణం లోకమంతటికీ ఒకటే, గడియారాలే వేరు. అక్టోబరులో రాజమండ్రిలో శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి తదియ వస్తే, న్యూయార్క్‌లో అది గురువారం సాయంత్రం ఆరున్నర. ఆ రాత్రి చంద్రుణ్ణి చూసేసరికే అక్కడ తదియ నడుస్తుంటుంది. ఒక రోజు ముందు చేశారని వాట్సాప్‌లో గొడవపడక్కర్లేదు, మీ ఊరికి లెక్కకట్టిన పంచాంగం చూసుకుంటే చాలు.

జొహానెస్‌బర్గ్‌లో ఉన్న మా వదినకి మాత్రం అన్నీ తిరగేసి ఉంటాయి. సంక్రాంతి నడివేసవిలో, ఉగాది ఆకులు రాలే కాలంలో. అట్లతద్ది చంద్రుడి కోసం అక్కడ ఇంకా ఎక్కువసేపు కాచుకోవాలి, ఆ నెలలో మాకు తగ్గే ఆలస్యం వాళ్లకి పెరుగుతుంది మరి. పోయినసారి అర్ధరాత్రి దాటాక తీసిన చంద్రుడి ఫొటో పంపింది. పొద్దున్న మా అమ్మాయి చూసి, "ఇందులో కుందేలు తలకిందులుగా ఉంది" అంది. నిజమే. మేం దక్షిణానికి తిరిగి చూసే చంద్రుణ్ణి వాళ్లు ఉత్తరానికి తిరిగి చూస్తారు, గుండ్రటి భూమికి అటు పక్క నిలబడి.

అదంతా చెబుదామని నోరు తెరిచేలోపు అది ఫోన్‌ని బల్ల మీద పెట్టి, చుట్టూ నడిచి అవతలి వైపుకెళ్లి నిలబడింది.

"ఇదిగో, ఇప్పుడు సరిగ్గా ఉందమ్మా."